గేటు లేని అడవిలో నాలుగు రోజులు

మా నాయన ముప్పై మూడేళ్లు నల్లమలలో ఉద్యోగం చేశాడు. ఫారెస్టు గార్డుగా చేరి, ఫారెస్టరై, చివరికి ఆత్మకూరులో డిప్యూటీ రేంజరుగా రిటైరయ్యాడు. అలాంటి మనిషి అమెరికాకు వస్తే ఏం చూపించాలి? నయాగరాకు తీసుకుపోతే "నీళ్లు బాగానే ఉండాయి" అన్నాడు. న్యూయార్కులో ఒక పూట తిరిగి మెడ నొప్పి అన్నాడు. నార్త్ కరోలినా రాష్ట్రంలోని షార్లెట్‌లో మా ఇంటి వెనక నాలుగు ఓక్ చెట్లున్నాయి. వాటి కింద కుర్చీ వేసుకుని కూర్చున్నప్పుడు మాత్రం మొహం వెలిగిపోయేది. అది చూసి మా ఆయనే అన్నాడు, "మావయ్యగారిని అడవికి తీసుకెళ్దాం, ఇన్నాళ్లూ మనకు తట్టలేదేంటి?" అని.

అలా 2023 జూన్ రెండో వారంలో అమ్మా నాయనా, మేమిద్దరం, మా పిల్లలిద్దరూ కలిసి పిస్గా నేషనల్ ఫారెస్టుకు బయల్దేరాం. షార్లెట్ నుంచి పడమటి వైపు రెండున్నర, మూడు గంటల దారి. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామంది ఆకులు రంగు మారే అక్టోబరులో బ్లూ రిడ్జ్ పార్క్‌వే అనే కొండ రోడ్డు మీద కారాపి, నాలుగు ఫొటోలు దిగి, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిని వెనక్కి వచ్చేస్తారు. మేమూ ఆరేళ్లు అదే చేశాం. రాత్రి అడవిలో పడుకోవడం ఇదే మొదటిసారి.

బయల్దేరే ముందు రోజు నాయన అడిగిన మొదటి ప్రశ్న, "గేటు ఎన్నింటికి మూస్తారు పాపా?"

"గేటు లేదు నాయనా."

"లేకపోవడమేంది? బండి నంబరు యాడ రాస్తారు?"

మా దోర్నాల నుంచి శ్రీశైలం పోయే దారిలో రాత్రి తొమ్మిదికి చెక్‌పోస్టు మూసేస్తే మళ్లీ పొద్దున ఆరుకే తెరవడం. అది ఆయన జీవితం. ఇక్కడ ఎవరూ రాసుకోరు, టికెట్టు కూడా లేదు, రోడ్డు నేరుగా అడవిలోకి పోతుంది అంటే ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అట్లయితే మనమే రాసి పెట్టుకోవల్ల" అని కాగితం, పెన్ను తెమ్మన్నాడు. ఎక్కడ దిగుతాం, ఏ రోజు ఏ దారిలో నడుస్తాం, ఎన్నింటికి తిరిగొస్తాం, కారు నంబరెంత, అన్నీ నాతో రాయించాడు. ఆదివారం సాయంత్రం ఆరుకల్లా ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో కూడా. దాన్ని ఫొటో తీసి మా వీధిలోనే ఉండే అనంతపురం స్నేహితురాలికి పంపాను. తను నవ్వే బొమ్మ పంపించి, ఆ వెనకే "సరే, నేను చెక్‌పోస్టు" అని రాసింది.

గురువారం

బ్రెవార్డ్ ఊరి దగ్గర 276 నంబరు రోడ్డెక్కగానే రెండు వైపులా రాతి స్తంభాలు వచ్చాయి. వాటికి గేటు మాత్రం లేదు. నాయన అద్దం దించి వాటిని వెనక్కి తిరిగి మరీ చూశాడు.

కాస్త లోపలికి పోతే కుడివైపు రేంజర్ స్టేషన్. మీరు ఏ నేషనల్ ఫారెస్టుకు పోయినా ముందు ఆగాల్సింది ఇక్కడే. ఫోన్‌లో చూసిన వివరాలు పోయిన ఏడాదివి కావచ్చు. ఏ దారి మూశారు, ఎక్కడ వంతెన కొట్టుకుపోయింది, ఏ వైపు ఎలుగులు తిరుగుతున్నాయి అనేది ఆ బల్ల వెనక కూర్చున్న మనిషికే తెలుస్తుంది. అక్కడ నీళ్లకు తడవని కాగితం మ్యాపు ఒకటి కొన్నాం. లోపల సిగ్నల్ ఉండదని ఆవిడ రెండుసార్లు చెప్పింది. మేం అప్పటికే ఫోన్లలో మ్యాపు దించుకుని ఉన్నాం, అయినా ఛార్జింగ్ అయిపోయిన ఫోన్ రాయితో సమానం కదా.

నాయన నా వెనక నిలబడి, "ఈమె రేంజరా? గార్డులు ఎంతమంది ఉండారో అడుగు" అన్నాడు. అడిగాను. ఆవిడ నవ్వి, "చాలినంత మంది ఎప్పుడూ ఉండరు" అంది. తెలుగులో చెప్పగానే నాయన కూడా నవ్వాడు. ఆ నవ్వు నేను ఆత్మకూరు ఆఫీసులో చిన్నప్పుడు చూసిన నవ్వే.

నేషనల్ పార్కు, నేషనల్ ఫారెస్టు ఒకటే అనుకుంటారు చాలామంది. నేనూ అలాగే అనుకున్నాను. పార్కులు ఇంటీరియర్ శాఖ కింద ఉంటాయి, ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడటం వాటి పని. ఫారెస్టులు వ్యవసాయ శాఖ కింద ఉంటాయి. ఇక్కడ చెట్లు కొట్టి అమ్ముతారు, సీజన్‌లో వేటాడతారు, చేపలు పడతారు, కింది ఊళ్లకు నీళ్లు ఇక్కడి నుంచే పోతాయి, మనలాంటివాళ్లు గుడారాలు వేసుకుంటారు. కుక్కల్ని కూడా తెచ్చుకోవచ్చు. వేట సీజన్‌లో వెళ్తే నారింజ రంగు చొక్కా వేసుకోమని చెప్పేది అందుకే. నాయనకు ఇదంతా చెబితే, "అంటే పార్కు మన శాంక్చువరీ, ఇది మన రిజర్వ్ ఫారెస్టు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

డేవిడ్సన్ రివర్ క్యాంప్‌గ్రౌండ్‌లో మా చోటు నది పక్కనే. ఊరికే వెళ్తే దొరకదు, చాలా ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. వేడినీళ్ల స్నానాల గది ఉంది కాబట్టి అమ్మ ఒప్పుకుంది. కట్టెలు మాత్రం ఇంటి నుంచి తేలేదు. ఒకచోట కట్టెల్లో దాగిన పురుగు ఇంకోచోట అడవిని తినేస్తుందని ఇక్కడ బయటి కట్టెలు తేవద్దంటారు, అక్కడే కొనుక్కోవడం మంచిది.

అసలు గొడవ తిండి దగ్గర మొదలైంది. వాసన వచ్చే ప్రతిదీ రాత్రి కారులో పెట్టి అద్దాలు బిగించాలి. ప్రతిదీ అంటే పళ్లపొడి, సబ్బు, కొబ్బరినూనె కూడా. అమ్మ సంచిలో ఆవకాయ, నెయ్యి, చెనిక్కాయల పొడి, బొరుగులు. గుడారంలో తల దగ్గర పెట్టుకుంటే పొద్దున్నే చేతికందుతాయని ఆమె లెక్క.

"ఎలుగొడ్డు ఆవకాయ తింటుందా ఏంది?" అంది.

"ఇప్పపూలు తాగి ఊగే జీవానికి ఆవకాయ ఒక లెక్కా?" అన్నాడు నాయన.

ఇక్కడివి నల్ల ఎలుగులు, మన నల్లమలవి కావు. మనది ఉలికిపడితే మీదికే వస్తుంది. తునికాకు సీజన్‌లో దాని పంజా తిన్న మనిషిని మోసుకొచ్చానని నాయన చాలాసార్లు చెప్పాడు. ఇక్కడిది మామూలుగా మనిషిని చూస్తే తప్పుకుంటుంది. ఎదురైతే పరిగెత్తకూడదు, గట్టిగా మాట్లాడుతూ దాన్నే చూస్తూ మెల్లగా వెనక్కి జరగాలి. ఒకవేళ మీద పడితే చచ్చినట్టు నటించడం కాదు, చేతికి దొరికిందల్లా పట్టుకుని ఎదురు తిరగాలి. ఇదంతా పిల్లలకు రెండుసార్లు చెప్పించుకున్నాం.

రాత్రి మంట ఆర్పే పని నాయన తీసుకున్నాడు. బకెట్టు నీళ్లు పోసి ఊరుకోలేదు. కర్రతో కెలికాడు, మళ్లీ పోశాడు, మళ్లీ కెలికాడు. చివరికి బూడిద మీద అరచేయి తిప్పి, వెనకవైపు ఆనించి చూశాడు. "పైన చల్లగుంటాది. లోపల నిప్పు తెల్లారిందాకా బతికే ఉంటాది" అని మా పెద్దోడి చేతిని కూడా పట్టుకుని బూడిద మీద పెట్టించాడు. వాడికి పదేళ్లు. ఆ నల్లటి చెయ్యి కడుక్కోకుండా అలాగే పడుకున్నాడు.

అన్నీ కారులో పెట్టాం, ఒక్కటి మరిచిపోయాం. గిన్నెలు కడిగినప్పుడు పోగు చేసిన చెత్త సంచి బల్ల కింద ఉండిపోయింది. రాత్రి రెండింటికి గరగర చప్పుడు. గుండె గొంతులోకి వచ్చింది. గుడారం జిప్పు నాలుగు వేళ్ల సందు తీసి టార్చి వేస్తే, బల్ల కింద ఒక రకూన్, కళ్లకు గంతలు కట్టినట్టున్న మొహం. రెండు చేతులతో పెరుగన్నం కవరు పట్టుకుని, వేళ్లతో తీసి, నాకుతోంది. లైటు పడినా పారిపోలేదు, ఒకసారి చూసి మళ్లీ పనిలో పడింది. నా భుజం పక్క నుంచి నాయన గుసగుసగా, "చేతులు చూడు పాపా, పసిబిడ్డ చేతుల మాదిరి" అన్నాడు.

పొద్దున చెత్తంతా ఏరుతుంటే క్యాంపు చూసుకునే పెద్దాయన వచ్చాడు. కోప్పడలేదు. రకూన్ కాబట్టి సరిపోయింది అన్నాడు. మనుషుల తిండి రుచి మరిగిన ఎలుగు మళ్లీ మళ్లీ వస్తుంది, చివరికి దాన్ని చంపేయాల్సి వస్తుంది, తప్పు మీది, ప్రాణం దానిది అన్నాడు. మా ఆయన తల దించుకుని విన్నాడు. నేనైతే చెత్త సంచి పట్టుకుని తాళం ఉన్న డబ్బా దాకా దాదాపు పరిగెత్తాను.

శుక్రవారం

స్లైడింగ్ రాక్ గురించి పిల్లలు నెలరోజులుగా కలవరిస్తున్నారు. ఏటవాలుగా ఉన్న అరవై అడుగుల నున్నటి బండ, దాని మీద నిమిషానికి 11,000 గ్యాలన్ల నీళ్లు. అంటే 40 వేల లీటర్ల పైన. పైన కూర్చుంటే జారుకుంటూ వచ్చి కింద మడుగులో పడతాం. నీళ్లు పది, పదిహేను డిగ్రీలకు మించవు, మడుగు ఎనిమిది అడుగుల లోతు. వేసవిలో పగటిపూట లైఫ్‌గార్డులు ఉంటారు, ఉన్న సమయంలోనే వెళ్లండి. పది దాటితే కారు పెట్టడానికి చోటుండదు, తొమ్మిదికల్లా చేరుకున్నాం. ఇక్కడ మాత్రం లోపలికి పోవడానికి డబ్బులు తీసుకున్నారు.

చిన్నదానికి ఆరేళ్లు. లైఫ్ జాకెట్ వేసి వాళ్ల నాన్న ఒళ్లో కూర్చోబెట్టుకుని జారాడు. పెద్దోడు ఒంటరిగా ఏడుసార్లు జారి పెదాలు నీలంగా మారాక కానీ రాలేదు. ఇంతలో అమ్మ చున్నీ నడుముకు బిగించి కట్టింది.

"ఏమే, నువ్వెక్కడికి?"

"జారడానికి."

అమ్మ పుట్టిల్లు కేసీ కాలువ గట్టు మీద. ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టుకుని అన్నదమ్ముల వెనకాల ఈత నేర్చుకున్న మనిషి. నాకు ఈ సంగతి తెలుసు, కానీ ఆమె ఈదడం ఎప్పుడూ చూడలేదు. పెళ్లయ్యాక ఆమె నీళ్లలో దిగిన గుర్తు నాయనకే లేదట. మా ఆయన మడుగులో కాచుకుని నిలబడ్డాడు. అమ్మ బండ మీద కూర్చుని, మోకాళ్లు ముడిచి, చేతులు పైకెత్తి, "గోవిందా" అని అరిచింది. ఆ అరుపు కింద దాకా వచ్చింది. మనిషి మాత్రం మడుగులో మునిగి రెండు క్షణాలు కనబడలేదు. నా ఊపిరి ఆగింది. తేలగానే మా ఆయన చాపిన చెయ్యి తోసేసి, నాలుగు బారలు వేసి, గట్టు పట్టుకుంది. క్యూలో ఉన్న తెల్లవాళ్లంతా చప్పట్లు. పంజాబీ డ్రెస్సు వెనకాల జానెడు చిరిగిపోయింది. ఆ బండ మీదికి మంచి బట్టలు వేసుకోవద్దని నేను రాసేది అనుభవంతోనే.

ఆమె మొత్తం మూడుసార్లు జారింది. నాయన ఒడ్డునే కూర్చున్నాడు, రమ్మంటే, "ఒకరు రిజిస్టరు చూసుకోవల్ల గదా" అన్నాడు.

తిరుగుదారిలో లుకింగ్ గ్లాస్ జలపాతం రోడ్డు పక్కనే, అరవై అడుగులు. మెట్లు దిగి చూడటమే. పక్కన బండల మీదుగా పైకి ఎక్కవద్దని బోర్డు ఉంది, ఎక్కేవాళ్లూ ఉన్నారు. ఈ కొండల్లో ప్రాణాలు తీసేవాటిలో జలపాతాల నెత్తి మీది నాచు ముందుంటుంది. పైనుంచి చూస్తే నీళ్లు చీలమండల లోతే అనిపిస్తాయి. మా పెద్దోడు అటు చూస్తుంటే నాయన ఏమీ అనకుండా వాడికీ బండకీ మధ్య వచ్చి నిలబడ్డాడు.

సాయంత్రం మూర్ కోవ్ అని ఇంకో చిన్న జలపాతం, ముప్పావు మైలు నడక. దాని వెనక్కి వెళ్లి నీటి తెర లోపల నిలబడొచ్చు. దారిలో అమ్మ ఒకచోట ఆగి వంగింది. "ఎంత లేతగా ఉందో, మారేడు దళం మాదిరి" అంటూ చెయ్యి చాపింది. మూడాకులు, నడిమి ఆకుకు మాత్రం కాస్త పొడవు కాడ. నేను వేసిన కేకకు ఆ దారిలో అందరూ ఆగిపోయారు. అది పాయిజన్ ఐవీ. తగిలితే రెండు మూడు రోజుల్లో నీళ్ల పొక్కులు లేచి వారాల తరబడి దురద. శివుడికి మారేడు దళం వేసే చేతికి, మూడాకులు కనబడితే తాకవద్దని చెప్పడం కష్టమే. మిగతా దారంతా చేతులు వెనక్కి కట్టుకుని నడిచింది.

శనివారం

ఈ రోజు గురించి ఎక్కువ రాయాలి, ఎందుకంటే తప్పు నాది.

లుకింగ్ గ్లాస్ రాక్ సముద్రమట్టానికి 3,969 అడుగుల ఎత్తున్న రాతి గుండు. తడిసినప్పుడు, మంచు పట్టినప్పుడు ఎండకు అద్దంలా మెరుస్తుందని ఆ పేరు. దాని పక్కబండల్లో బైరిడేగలు గూళ్లు పెడతాయి, ఆ నెలల్లో ఆ వైపు రాళ్లెక్కేవాళ్లను రానివ్వరు. నడకదారి పోను మూడు మైళ్ల పైన, రాను అంతే, 1,700 అడుగుల ఎక్కుడు. ముందురోజు రాత్రి నాయన ఏడుకు బయల్దేరదాం అన్నాడు. ఈ కొండల్లో వేసవి మధ్యాహ్నాలు ఉరుములు మామూలని రేంజర్ స్టేషన్లో కూడా చెప్పారు. నేనేమో పిల్లలు కడుపు నిండా తినాలని క్యాంపు స్టవ్ మీద ఉగ్గాని పెట్టాను. ఉల్లిపాయలు తరగడం, బొరుగులు నానబెట్టి పిండటం, ఆరుగురికి వడ్డించడం. దారి మొదట్లోకి చేరేసరికి పదీ ఇరవై.

అడవి మాత్రం ఎంత బాగుందో! దారి మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. రోడోడెండ్రాన్ పొదలు తల మీద కలుసుకుని గుహలా ఉంటాయి. మధ్య మధ్య ఆకు లేకుండా తెల్లబడి నిలబడిన పెద్ద మాన్లు. అవి హెమ్లాక్ చెట్లు. ఆసియా నుంచి వచ్చిన నువ్వుగింజ కంటే చిన్న పురుగు రసం పీల్చేసి వాటిని నిలువునా ఎండబెట్టింది. నాయన వాటి దగ్గర ఆగలేదు, పిల్లల్ని ఆగనివ్వలేదు. చల్లగా ఉందని చిన్నది ఒక దుంగ మీద కూర్చోబోతే రెక్క పట్టుకుని లేపాడు. "కూర్చునే ముందు కిందికి చూస్తాం పాముందేమో అని. పైకి కూడా చూడల్ల." చూస్తే సరిగ్గా ఆ దుంగ మీద, ఇంకో ఎండుకొమ్మ చెట్టుకు చిక్కుకుని వేలాడుతోంది.

పన్నెండున్నరకు ఒక చదును బండ మీదికొచ్చాం. దాని మీద పెద్ద అక్షరంతో హెచ్ అని రాసి ఉంది. హెలికాప్టరు దిగే చోటు, పైన పడిపోయిన వాళ్లను తీసుకుపోవడానికి. మా ఆయన దాని మీద నిలబడి ఫొటో అన్నాడు. నాయన మాత్రం పడమటి ఆకాశం చూస్తున్నాడు. నాకక్కడ ఒక తెల్లటి మబ్బు, దాని అడుగున సన్నటి బూడిద గీత తప్ప ఏమీ కనబడలేదు.

"ఇంక దిగుదాం" అన్నాడు.

"ఇంకో ముప్పావు గంటలో పైనుంటాం మావయ్యగారూ."

"తాతా, ప్లీజ్."

ఆయన వాదించలేదు. సంచి భుజాన వేసుకుని, మమ్మల్ని చూడకుండా దిగడం మొదలుపెట్టాడు. కాసేపు అందరూ నా మొహం చూశారు. నేను ఉగ్గాని సంగతి తలుచుకుని ఆయన వెనకే నడిచాను. పెద్దోడు ఏడుస్తూ వచ్చాడు. కొండ కొన దాకా వచ్చి తిరిగిపోవడం ఏంటని మా ఆయన మొహం ముడుచుకున్నాడు. దారిలో నలుగురు కుర్రాళ్లు ఎదురయ్యారు, స్లిప్పర్లు, నలుగురికీ కలిపి ఒక నీళ్ల సీసా. వాన వచ్చేటట్టుంది అంటే థాంక్స్ చెప్పి పైకి పోయారు.

ఇరవై నిమిషాలకు మొదటి ఉరుము. ఆ తర్వాత వాన కాదు, ఎవరో పైనుంచి గుమ్మరించినట్టే. నాయన మమ్మల్ని పెద్ద మాన్ల దగ్గర నుంచి తప్పించి, పొట్టి చెట్లున్న పల్లంలో ఒక్కొక్కరిని పది అడుగుల ఎడంగా కూర్చోబెట్టాడు. సంచులు కింద, కాళ్లు ముడుచుకుని. చిన్నదాన్ని మాత్రం అమ్మ వదల్లేదు. దగ్గర దగ్గరగా ఎందుకు కూర్చోకూడదని పెద్దోడు అరిచి అడిగాడు. "ఒకరికి తగిలితే ఇంకొకరు లేపల్ల గదా" అని ఆయనా అరిచే చెప్పాడు. ఒకసారి రోళ్లపెంట వైపు గొర్రెలు కాసే ఇద్దరు నల్లమద్ది చెట్టు కింద వానకు ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారట. పంచనామాకు వెళ్లింది ఈయనే. ఆ కథ నాకు ముప్పై ఎనిమిదేళ్లు వచ్చాక, ఇంకో దేశంలో, వానలో తడుస్తుంటే తెలిసింది.

అరగంటకు తగ్గింది. కింద పార్కింగ్‌లో కారు హీటర్ వేసుకుని వణుకుతూ కూర్చున్నాం. ఆ కుర్రాళ్ల కారు పక్కనే ఉంది. నాయన వాళ్లు వచ్చేదాకా కదలొద్దన్నాడు. నాలుగు దాటాక వచ్చారు, తడిసి ముద్దయి, నవ్వుకుంటూ. పైదాకా వెళ్లారట, భలే ఉందట.

"చూశారా, వాళ్లకేం కాలేదు" అన్నాడు మా ఆయన, ఇంకా కోపం పోలేదు.

"నూరుమందిలో తొంభై తొమ్మిది మందికి ఏమీ కాదు నాయనా. పంచనామా రాసేది ఆ నూరోవానికే."

క్యాంపుకొచ్చాక ఒళ్లు వెతుక్కునే కార్యక్రమం. ఈ అడవుల్లో పిడుదులు రోగాలు తెస్తాయి, మోకాలి వెనక, చంకల్లో, జుట్టులో, చెవుల వెనక చూసుకోవాలి. పెద్దోడి సాక్సు అంచున, చర్మంలోకి తల దూర్చి ఒకటి దొరికింది. నాయన కిరసనాయిలు చుక్క వేయమన్నాడు, నల్లమలలో అంతే చేసేవాళ్లట. ఇక్కడ అది కూడదు. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, తిప్పకుండా నిటారుగా లాగేయాలి, సబ్బుతో కడగాలి, తర్వాత కొన్ని వారాలు జ్వరం, దద్దుర్లు వస్తాయేమో చూసుకోవాలి. లాగాను. ముప్పై మూడేళ్ల సర్వీసును నేను గెలిచింది ఆ ఒక్క చోటే.

రాత్రి తొమ్మిదిన్నరకు చినుకులు పూర్తిగా ఆగాయి. టార్చికి ఎర్ర కాగితం కట్టి, నది పక్క దారిలో దీపాలు లేని చోటికి నడిచాం. కళ్లు అలవాటు పడటానికి చాలాసేపు పట్టింది. ముందు పెద్దోడికే కనబడింది. నేలకు మోకాలెత్తులో, నీలిరంగు వెలుగు ఒకటి, ఆరిపోకుండా, మెల్లగా జరుగుతోంది. తర్వాత ఇంకొకటి, ఆ పొద వెనక ఇంకో రెండు. బ్లూ గోస్ట్ అంటారు వీటిని. మన మిణుగురులు మినుకు మినుకుమంటాయి, ఇవి ఒకసారి వెలిగితే నిమిషం దాకా ఆరవు, ఎవరో చీకట్లో చిన్న దీపం పట్టుకుని ఏదో వెతుక్కుంటున్నట్టు ఉంటుంది. సీజన్ చివర కాబట్టి అయిదారే ఉన్నాయి. రెక్కల్లేని ఆడ పురుగులు నేల మీదే ఆకుల్లో ఉంటాయి, అందుకే దారి దిగి అడుగు వేయకూడదు. పెద్దోడు, మధ్యాహ్నం కొండ కోసం అంత ఏడ్చినవాడు, ఇరవై నిమిషాలు నిలబడినచోట నుంచి కదల్లేదు. చిన్నది వాళ్ల అవ్వ భుజం మీద నిద్రపోయింది.

ఆదివారం

గుడారం తడి, బట్టలు తడి, అన్నీ మూటగట్టి బండిలో పడేశాం. బ్రెవార్డ్‌లో తెల్ల ఉడతలుంటాయని చిన్నదానికి మాటిచ్చాను, ముందు ఊళ్లోకి వెళ్లి ఒకటి చూసి, మళ్లీ పైకి, క్రేడిల్ ఆఫ్ ఫారెస్ట్రీ అనే అటవీ ప్రదర్శనశాలకి.

అమెరికాలో మొదటి అటవీ విద్యాలయం 1898లో ఇక్కడే పెట్టారు. అప్పుడు ఈ అడవంతా జార్జ్ వాండర్‌బిల్ట్ అనే కోటీశ్వరుడిది, ఆషెవిల్‌లో బిల్ట్‌మోర్ భవనం కట్టించినవాడు. చెట్లు కొట్టేసి, మేపేసి పాడైన కొండల్ని కొని, బాగు చేయడానికి 1892లో గిఫర్డ్ పింషో అనే యువకుణ్ణి పెట్టుకున్నాడు. 1905లో అమెరికా ఫారెస్టు సర్వీసుకు మొదటి అధిపతి ఆయనే. ఇక్కడ పింషో తర్వాత, 1895లో జర్మనీ నుంచి కార్ల్ షెంక్ వచ్చాడు, బడి పెట్టింది ఈయన. వాండర్‌బిల్ట్ పోయాక 1914లో భార్య ఈడిత్ సుమారు 87 వేల ఎకరాలను ఎకరా 5 డాలర్ల లెక్కన ప్రభుత్వానికి ఇచ్చేసింది. 1916లో అది పిస్గా నేషనల్ ఫారెస్టయింది.

ఆ పాత బడి నమూనా, చెక్క బల్లలు చూస్తూ నేను ముందే చదివిపెట్టుకున్న సంగతి నాయనకు చెప్పాను. ఈ షెంక్‌ను ఇక్కడికి సిఫార్సు చేసిందీ, పింషోకు అడవి పని నేర్పిందీ ఒకే ముసలాయన, బ్రాండిస్ అని.

నాయన ఆగిపోయాడు. "ఏ బ్రాండిస్? డైట్రిచ్ బ్రాండిసా?"

ట్రైనింగులో ఆయనకు మొదటి పాఠంలో వచ్చిన పేరది. 1864లో మన దేశంలో అటవీ శాఖ పెట్టినప్పుడు మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్. బర్మా టేకు అడవుల్లో చెట్ల చుట్టుకొలతలు కొలిచి, ఏడాదికి ఎన్ని కొట్టొచ్చో లెక్క కట్టిన మనిషి. రిటైరై జర్మనీ వెళ్లాక కుర్ర ఫారెస్టర్లను వెంటబెట్టుకుని అడవులు తిప్పేవాడు, పింషో, షెంక్ అలా ఆయన చేతికి చిక్కినవాళ్లే. మన అడవుల్లో నేర్చుకున్న విద్య ఆ దారిలో ఈ కొండలకు చేరింది. నాయన ఒక బల్ల వెనక, పిల్లలు కూర్చునే చిన్న బెంచీ మీద కూర్చున్నాడు. చాలాసేపు లేవలేదు. ఫొటో తీస్తానంటే చొక్కా గుండీ పెట్టుకున్నాడు.

మేం వచ్చిన మరుసటి సంవత్సరం, 2024 సెప్టెంబరు 27న హెలీన్ తుఫాను ఈ కొండల్ని అతలాకుతలం చేసింది. ఆత్మకూరు నుంచి నాయన ఫోన్ చేసి, ఇళ్లూ మనుషుల సంగతి అడిగాక, మనం గుడారం వేసిన చోటు ఉందా అని అడిగాడు. ఇప్పుడు వెళ్లేవాళ్లు ఏది తెరిచారో ఏది మూశారో ఫారెస్టు సర్వీసు సైటులో చూసుకునే బయల్దేరండి.

ఆ ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మళ్లీ ఆ రాతి స్తంభాల దగ్గరికొచ్చాం. మా ఆయన ఆపకుండా దాటేయబోతుంటే నాయన, "ఆపు నాయనా" అన్నాడు. కారు పక్కకు తీశాడు.

"పోతా ఉండామని ఎవురికి చెప్పల్ల?"

ఫోన్ చూశాను. రెండు గీతలు సిగ్నల్ వచ్చింది. అనంతపురం స్నేహితురాలికి ఫోన్ చేసి, ఆరుగురం బయటికొచ్చేశాం అన్నాను.

వెనక సీట్లోంచి నాయన, "టైము గూడా చెప్పు" అన్నాడు.